పాలపళ్లే కదా అనకండి

రాత్రి పదింటికి పిల్లాడు చెంప పట్టుకుని ఏడుపు లంకించుకుంటాడు. తల్లి వాణ్ని భుజాన వేసుకుని ఇల్లంతా తిప్పుతుంటే తండ్రి ఫోన్లో వెతుకుతుంటాడు. దగ్గర్లో పిల్లల పంటి డాక్టరు ఎవరున్నారు, ఎవరికి ఎన్ని స్టార్లు వచ్చాయి, ఎవరి దగ్గర ఆఫర్ నడుస్తోంది అని. తెల్లారేసరికి డాక్టరు ఖాయం. పెళ్లి చీర కోసం నాలుగు కొట్లెక్కి దిగే మనుషులు, మూడేళ్ల పిల్లాడి నోట్లో చెయ్యి పెట్టే మనిషిని మాత్రం ఇలా ఎంచుకుంటున్నారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

మా రోజుల్లో ఎంచుకునే పనే లేదు. మాది దర్శి వైపు పల్లె. పన్ను పోటు పెడితే లవంగం నలిపి పంటి కింద పెట్టేవాళ్లు, ఉప్పునీళ్లు పుక్కిలించమనేవాళ్లు. దవడ వాచిపోతే కాంపౌండరు దగ్గరికి. ఆయన దగ్గర ఒకటే వైద్యం, పటకారు. ఇద్దరు పెద్దాళ్లు చేతులూ కాళ్లూ పట్టుకుంటే ఆయన పీకేసేవాడు. ఆ వైద్యం మళ్లీ రావాలని నేననను, ఏ పిల్లకీ రాకూడదు. వేపపుల్లతోనూ కచ్చిక బొగ్గుతోనూ తోముకున్నాం కాబట్టి పళ్లు బాగున్నాయనేవాళ్లతో కూడా నేను ఏకీభవించను. బొగ్గూ ఇటుక పొడీ రుద్ది రుద్ది పళ్లు అరగదీసుకున్నవాళ్లు మా ఊళ్లో బోలెడుమంది.

మా కాలంలో మంచిదేదైనా ఉందంటే అది తిండి. తీపి పండక్కీ పబ్బానికీ. బెల్లంముక్క పెట్టినా అన్నంతోపాటే తిని నోరు కడుక్కునేవాళ్లం. ఇప్పటి పిల్లల నోరు ఖాళీగా ఉండేదెప్పుడు? లేవగానే పాలలో చక్కెర, బడి బస్సులో బిస్కెట్, మధ్యాహ్నం జ్యూస్ ప్యాకెట్, ఏడిస్తే చాక్లెట్, నిద్రకి మళ్లీ తీపి పాలసీసా. పన్ను పుచ్చడానికి ఎంత తీపి తిన్నారన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. తిన్న ప్రతిసారీ నోట్లోని సూక్ష్మజీవులు ఆ తీపిని ఆమ్లంగా మారుస్తాయి, ఓ అరగంటపాటు పన్ను ఆ ఆమ్లంలోనే నానుతుంది. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది కాబట్టి పాలసీసా నోట్లో పెట్టుకుని పడుకునే పిల్లలకు పైవరస ముందుపళ్లు ముందు పోతాయి. కిందిపళ్లకు నాలుక అడ్డం ఉంటుంది. పైపెదవి ఎత్తి చూడండి. చిగురు అంచున సుద్దలా తెల్లగీత కనపడితే పుచ్చు మొదలైందన్నమాట. అది చూసిన తల్లులు ఎంతమంది? నల్లబడ్డాక కదా చూస్తున్నారు!

చూసినా ఒకటే మాట, పాలపళ్లే కదా, ఊడిపోయేవే కదా అని. ఆ మాట మా కాలం నుంచి వచ్చిందే. అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. ముందుపళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి, నిజమే. నమిలే పాలదవడ పళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. అయిదేళ్లకే వాటిని పీకేస్తే పక్కపళ్లు ఆ సందులోకి వాలతాయి, కింద నుంచి వచ్చే అసలు పన్నుకి చోటుండదు. తర్వాత పదమూడేళ్లకు తీగలు కట్టించడానికి అప్పుచేస్తారు. పీకక తప్పనప్పుడు ఆ ఖాళీని కాపాడే చిన్న కమ్మీ ఒకటి పెడతారు. పీకుతానన్న డాక్టరు దాని సంగతి ఎత్తకపోతే మీరే అడగండి. ఇంకొకటి, ఆరేళ్లప్పుడు పాలపళ్ల వెనకాల ఏ పన్నూ ఊడకుండానే ఓ పెద్ద దవడపన్ను వస్తుంది. అది జీవితకాలం ఉండాల్సిన పన్ను. పాలపన్నే అనుకుని దాన్ని పుచ్చిపోనిచ్చే ఇళ్లు నేను చాలా చూశాను.

ఇక ఎంచుకోవడం. మా మనవరాలిని మొదట తీసుకెళ్లిన చోటు పేరు చెప్పను. హాలు నిండా జారుడుబల్లలు, రంగు బంతులు, కుర్చీకి ఎదురుగా కార్టూన్లు. పిల్ల సంబరపడింది, మా అబ్బాయి కూడా. లోపలికి తల్లిని రానివ్వలేదు. రెండు నిమిషాలు చూసి పంపించారు. తర్వాత కౌంటర్లో కూర్చున్న అమ్మాయి ఓ కాగితం చేతిలో పెట్టింది. ఆరు క్యాపులు, రెండు రూట్ కెనాళ్లు, ఏడాది ప్యాకేజీ. ఇవాళే కడితే తగ్గింపట. ఏ పన్నుకి ఏం జబ్బో అడిగితే ఆ అమ్మాయికి తెలియదు, డాక్టరేమో ఇంకో గదిలో ఉన్నాడు. కోడలు నా మొహం చూసి, "ఏం చేద్దాం మామయ్యా?" అంది. "లేమ్మా, పోదాం" అన్నాను.

కొందరు పిల్లలకు నిజంగానే అన్ని క్యాపులూ పడొచ్చు, అది నాకూ తెలుసు. ఆ మాట డాక్టరు తన నోటితో చెప్పాలి. ఎక్స్‌రే చూపించి, ఈ పన్నుకి ఇందుకు, ఆగితే ఇదవుతుంది, ఇంకో దారి ఇది అని చెప్పాలి. అంత తీరిక లేని చోట పిల్లను కూర్చోబెట్టకూడదు.

తర్వాత వెళ్లింది రెండు గదుల క్లినిక్కు. డాక్టరమ్మ ముందు పళ్లు చూడలేదు. పిల్ల పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏం తింటుందో కోడల్ని అడిగి రాసుకుంది. చిన్న అద్దం పిల్ల చేతికిచ్చి, "నా పళ్లు నువ్వు లెక్కపెట్టు, నీ పళ్లు నేను లెక్కపెడతా" అంది. గిర్రున తిరిగే బ్రష్షుని ముందు తన గోరు మీద, తర్వాత పిల్ల గోరు మీద పెట్టి చూపించింది. చక్కిలిగింత పుట్టి పిల్ల నవ్వాక గానీ దాన్ని నోటి దగ్గరికి తేలేదు. నొప్పే ఉండదని అబద్ధం చెప్పలేదు, కొంచెం చురుక్కుమంటుంది, చెయ్యెత్తితే ఆపేస్తాను అంది. ఎత్తితే ఆపింది కూడా. ఎక్స్‌రే తీసి రెండు పళ్లకే వైద్యం కావాలంది. మిగతావాటికి ఫ్లోరైడ్ పూత పూసి, రాత్రి తీపి పాలు మానిపించి మూడు నెలలకు రమ్మంది. "ఇవాళ ఇంతే చాలు" అనగలిగిన డాక్టరు దొరికితే వదులుకోకండి.

ఇంట్లో మాటలు కూడా మార్చుకోవాలి. అన్నం తినకపోతే డాక్టరు సూదేస్తాడని బెదిరించి, ఆ డాక్టరు దగ్గరికే తీసుకెళ్లి నోరు తెరవమంటే పిల్ల ఎలా తెరుస్తుంది? నొప్పితో మొదటిసారి వెళ్లిన పిల్లకి ఆ గది వాసనంటేనే భయం పట్టుకుంటుంది. అందుకే మొదటి పన్ను వచ్చాక, ఏడాది నిండేలోపు ఒకసారి చూపించమంటారు పిల్లల దంతవైద్యులు. అంత చిన్నదానికి కుర్చీ కూడా అక్కర్లేదు. తల్లీ డాక్టరూ మోకాళ్లు ఆనించుకుని ఎదురెదురుగా కూర్చుంటారు. పిల్ల కాళ్లు తల్లి నడుముకి అటూ ఇటూ, తల డాక్టరు ఒళ్లో. తల్లి మొహం కనపడుతూనే ఉంటుంది. నిమిషంలో అయిపోతుంది.

బోర్డు మీద పిల్లల స్పెషలిస్టు అని ఉంటే సరిపోదు. అయిదేళ్ల బీడీఎస్ తర్వాత మూడేళ్లు పిల్లల పళ్ల మీదే ఎండీఎస్ చేసినవాళ్లుంటారు, దాన్ని పెడోడాంటిక్స్ అంటారు. ఏ సబ్జెక్టులో చేశారో, రాష్ట్ర డెంటల్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగడానికి మొహమాటం వద్దు. మీ ఊళ్లో స్పెషలిస్టు లేకపోతే, పిల్లలతో ఓపికున్న మామూలు బీడీఎస్ డాక్టరు చాలా పనులు చక్కగా చేస్తారు, చేతకానిది పై డాక్టరుకి రాస్తారు. పిల్లకి పూర్తి మత్తిచ్చి చేస్తామంటే మత్తు డాక్టరెవరు, ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆసుపత్రేనా అని తేల్చుకున్నాకే ఒప్పుకోండి. ఖర్చు తక్కువ దారులు చెబుతున్నారా అన్నదీ చూడండి. సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అని ఓ మందుంది, డ్రిల్లింగ్ లేకుండా పుచ్చు మీద రాస్తే చాలాసార్లు అది అక్కడితో ఆగుతుంది. ఆ మచ్చ నల్లగా మిగిలిపోతుందన్న సంగతి మాత్రం ముందే చెప్పాలి.

మా వైపు వాళ్లకు ఇంకో మాట. 1937లోనే, మా ఊళ్లు నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే, అక్కడి బావినీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్ని ఎలా వంచేస్తోందో డాక్టర్లు రాసిపెట్టారు. నల్గొండ సంగతి అందరికీ తెలుసు. పెద్దపళ్లు చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ల లోపు, ఆ నీళ్లు తాగితే పళ్ల మీద మచ్చలు పడతాయి. మా బళ్లో గోధుమరంగు పళ్లు దాచుకోవడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే పిల్లలుండేవాళ్లు. కాబట్టి ఫ్లోరైడ్ పూత పూసే ముందు "మీరు ఏ నీళ్లు తాగుతారు, బోరా, కుళాయా, క్యానా?" అని అడిగే డాక్టరు కావాలి. పేస్టు కూడా మూడేళ్ల లోపు బియ్యపుగింజంత, ఆరేళ్ల దాకా బఠాణీగింజంత. ప్రకటనలో బ్రష్షు పొడుగునా పరిచినట్టు పరిస్తే సగం కడుపులోకే పోతుంది.

డబ్బుకి వెనకాడి మానుకోవద్దు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ విజయవాడలోనూ ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి, పిల్లల విభాగం విడిగా ఉంది. చీటీ తీసుకుని కాసేపు కూర్చోవాలి, చదువుకునే పిల్లలు చూస్తారు, వెనకాల ప్రొఫెసర్లుంటారు. ఆ కూర్చునే పని తాతలూ నాయనమ్మలూ అమ్మమ్మలూ తీసుకోవాలి, తీరిక మనకే ఉంది. పొద్దున పూట, పిల్ల నిద్ర తీరి కడుపు నిండి ఉన్నప్పుడు తీసుకెళ్లండి. బడి నుంచి వచ్చి అలిసిపోయిన పిల్లని సాయంత్రం ఆ కుర్చీ ఎక్కించవద్దు.