సగం ఒప్పుకోలు

ఆ రోజు అమ్మ కాలికట్టు విప్పింది నేనే. పాత నేతచీర చింపి, పసుపు అద్ది, గట్టిగా బిగించుకుంది. చివరి పొర పుండుకు అతుక్కుపోయింది. గోరువెచ్చని నీళ్లతో తడిపి మెల్లగా తీశాను. చిటికెన వేలూ, దాని పక్క వేలూ నల్లబడిపోయి ఉన్నాయి.

"ఎన్నాళ్లయిందమ్మా?"

"నెల దాటింది నాయనా."

"ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

అమ్మ నా మొహంలోకి చూసింది. "చెప్పొద్దన్నావు కదయ్యా" అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉండి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

నిజమే, నేనే చెప్పొద్దన్నాను. అంతకుముందు డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో అమ్మకు వచ్చిన వాగ్దాన కార్డు నిర్గమకాండం 15:26, దేవుడే స్వస్థపరచేవాడని చెప్పే వచనం. దాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించాను. అప్పట్లో నేను అమెరికా బోధకులు ఇ. డబ్ల్యు. కెన్యన్, కెన్నెత్ హేగిన్‌ల బోధలో మునిగి ఉన్నాను. నమ్మి నోటితో పలికిందే మన సొంతమవుతుందన్న బోధ అది. నోటిమాటకున్న శక్తిని చెప్పే మార్కు 11:23, సామెతలు 18:21 నాకు కంఠతా వచ్చు. వాటితో ఇంట్లో ఒక చట్టం పెట్టాను. "షుగరు" అన్న మాట వినపడకూడదు. "నొప్పి" అంటే అపవాదికి తలుపు తీసినట్టే. అరికాళ్లు మంటలు పుడుతున్నాయని అమ్మ అనబోతే, "నోరు జాగ్రత్తమ్మా, స్వస్థత పొందానని అను" అనేవాణ్ణి. పాపం, అనేది. మాత్రలు వేసుకుంటూనే ఉంది, నేనూ ఆపమనలేదు. మాట మాత్రం ఆపించాను.

ఒక రాత్రి మంచం పక్కన మోకరించి, "ప్రభువా, ఈ కాళ్లు..." అంటున్న అమ్మ నా అడుగుల చప్పుడు విని టక్కున ఆగిపోయింది. దేవుడితో చెప్పుకునే మాటకు కూడా నేనే అడ్డమయ్యాను. అది ఆమె విశ్వాసం అనుకుని ఆ రాత్రి సంతోషపడ్డాను.

కట్టు విప్పాక ఆసుపత్రికి తీసుకెళ్తే, ఆ అరికాళ్ల మంటలే మొదటి హెచ్చరిక అని డాక్టరుగారు చెప్పారు. షుగరుతో పాదాల నరాలు దెబ్బతింటే మొదట మంటలు, తిమ్మిర్లు వస్తాయి. తర్వాత స్పర్శే పోతుంది. చెప్పు వారు ఒరిసి పుండు పడినా తెలియదు. రక్తం సరిగా అందక అది మానదు. రెండు వేళ్లూ తీసేశారు.

వార్డులో అమ్మ కీర్తనలు చదవమంది. చదువుతూ పోతే 88వ కీర్తన దగ్గర గొంతు పూడుకుపోయింది. మొదలు నుంచి చివరి దాకా మొరే. చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది. అది కూడా దేవుని వాక్యమే. హబక్కూకు ప్రవక్త అంజూరపు చెట్టు పూయకపోయినా, శాలలో పశువులు లేకపోయినా అని వరసగా చెప్పుకున్నాకే ఆనందిస్తానన్నాడు. అరణ్యంలో యేసు ద్వితీయోపదేశకాండపు మాటలు మూడుసార్లు పలికి శోధకుణ్ణి ఎదిరించాడు, కానీ తనకు ఆకలి లేదని ఎక్కడా అనలేదు. సిలువ మీద దాహమైందని నోరు తెరిచి చెప్పాడు. ఆయన చెప్పుకున్న బాధను మా అమ్మ చెప్పుకోకూడదని శాసించడానికి నేనెవరిని?

ఒప్పుకోవడం అన్న మాట అప్పుడు నాకు కొత్తగా అర్థమైంది. ప్రభువును నోటితో ఒప్పుకోమంటుంది రోమా 10:9. పాపాలు ఒప్పుకోమంటుంది మొదటి యోహాను 1:9. మన తెలుగు బైబిల్లో రెండుచోట్లా అదే క్రియ. గ్రీకులోనూ ఒకటే, హోమోలొగేయో. ఉన్నదానికి సరిగ్గా అదే మాట పలకడమని దాని మూలార్థం. దేవుడు ఎలాంటివాడో చెప్పడం ఒప్పుకోలు, మన స్థితి ఏమిటో చెప్పడమూ ఒప్పుకోలే. నేను మొదటి సగం పట్టుకుని రెండో సగాన్ని అవిశ్వాసమన్నాను. వాక్యం నన్ను మోసం చేయలేదు. వాక్యం పేరు చెప్పి అమ్మ నోరు కట్టేసింది నేను.

వాక్యాన్ని పైకి పలకడం నేను మానలేదు, మానను కూడా. యెహోషువ 1:8లో ధ్యానించు అన్నచోట ఉన్న హీబ్రూ మాటకు లోగొంతుతో వల్లించడమనే అర్థం. పెదవులు కదలాల్సిందే. ఇప్పుడు రోజూ పొద్దున్నే స్టూలు వేసుకుని అమ్మ పాదాలు ఒళ్లో పెట్టుకుంటాను. వేళ్ల సందులు, మడమలు వెలుతురులో చూస్తాను. "ఎట్లా ఉందమ్మా?" అని అడుగుతాను.

"ఎడమ మడమ కాస్త మంటగా ఉందిరా" అంటుంది. అలా చెప్పాకే ఫ్రిజ్ మీది వచనాన్ని గట్టిగా చదువుతుంది. మునుపటికంటే ఇప్పుడే ఆ గొంతులో బలం వినిపిస్తోంది. ఆమె వెనకే నేనూ చదువుతాను.