చెప్పుల పద్యం: టీకా తాత్పర్యం

ఆ.వె. తోలు వలదు నాకు తొడుగనే ప్లాస్టిక్కు
వాన కోర్వవలయు వత్సరాలు
అట్టి జోడు నిమ్మ యన్న నా వర్తకుం
డుల్లమలర నవ్వి యూరకుండె.

టీక: తోలు = ఆవు, గేదె, మేక వగైరాల చర్మం; వలదు = వద్దు (జాలి చేత గాని, తోళ్ళు ఊనే చోట కాలవలో కలిసే క్రోమియం భయం చేత గాని); ప్లాస్టిక్కు = కింద చూడుడు; వత్సరాలు = ఏళ్ళ తరబడి (సంస్కృతమైతే బహువచనం మూడు నుంచి మొదలు; తెలుగు గనుక రెండేళ్ళు మన్నినా కవి మాట దక్కినట్టే); అట్టి జోడు = అలాంటి చెప్పుల జత; ఉల్లము + అలర = మనసారా.

తాత్పర్యం: సుగమం.

విశేషాలు: సుగమం కానిదల్లా ప్లాస్టిక్కే. పద్యంలో ఒక్కసారి వచ్చి, అంగడిలో మారుపేర్లతో తిరుగుతుంది. రెగ్జిన్ అంటే గుడ్డ మీద పీవీసీ పూత. 'వీగన్ లెదర్' అని మురిపించేది చాలావరకు పాలీయురెథేన్. మెత్తమెత్తగా ఉండే తెల్ల సోలు ఈవీఏ. అనాసాకు నారతో మొదట వచ్చిన పినాటెక్స్‌కి కూడా పైపూత పాలీయురెథేనే. పోనీ కాన్వాస్ అందామా, సోలు వంచి అంచున గుడ్డ లేచినచోట గోటితో లాగితే పసుపుపచ్చటి జిగురు తీగలు తీగలుగా సాగుతుంది. అదీ నూనెబావి సంతానమే.

జనపనారవి ఉన్నాయి కదా అంటే, ఉన్నాయి. కాశీ విశ్వనాథ ధామంలో తోలు, రబ్బరు చెప్పులు నిషిద్ధం గనుక అక్కడ పనిచేసేవారికి 2022 జనవరిలో ప్రధాని 100 జతలు పంపారు. చలికాలపు రాతినేలకు అవి దివ్యం. ఆషాఢంలో మన బజారుకు వేసుకెళితే రెండో పాదం దగ్గరే జారిపోతాయి: జనపనార తడిస్తే బలం తగ్గుతుంది, ఆరకపోతే ముగ్గుతుంది. శ్రీరామ పాదుకలు 14 ఏళ్ళు మన్నలేదా అని పూర్వపక్షం. అవి సింహాసనం మీదున్నాయి; భరతుడు తొడుక్కుని నందిగ్రామం సంతకు వెళ్ళలేదు.

మిగిలింది నూలు కాన్వాసు, సహజ రబ్బరు సోలు, జిగురు మానేసి నూలుదారంతో కుట్టు. చెట్టు పాలకు గంధకం కలిపి కాచే ఈ విద్యకు గుడ్‌ఇయర్ 1844లో పేటెంట్ పొందాడు. అదీ ప్లాస్టిక్కే కదా అనే తార్కికులు వట్టికాళ్ళతో నడవచ్చు.

ఇక వర్తకుడికి అంత సంతోషమెందుకు? పద్యమంతా వెతికినా కవి ధర ఊసెత్తలేదు. 'ఊరకుండె' అంటే లెక్క వేసుకుంటున్నాడని గ్రహించాలి.