పేరు మార్చి ఊరుకుంటే ఎలా?

మా రోజుల్లో ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలు తెరిస్తే రూట్ ఎక్కడుందో చదవగానే తెలిసేది. రెడ్ హ్యాట్ పెట్టిన లేబుల్ చిన్న గీత, అంతే. ఇప్పుడు అదే చోట 36 అక్షరాల యూయూఐడీ. డేటా సెంటర్లో ఉన్నవాడికి దాన్ని ఫోన్లో చదివి చెప్పండి చూద్దాం!

ఒకే లేబుల్ ఉన్న రెండు డిస్కులు ఒకే యంత్రంలో పడితే గందరగోళమే, ఒప్పుకుంటాను. కానీ 2007లో ఫెడోరా 7 వచ్చి ఐడీఈ డిస్కుల హెచ్‌డీఏ పేరు కాస్తా ఎస్‌డీఏ అయినప్పుడు, డివైస్ పేర్లు రాసుకున్నవాళ్లు అవస్థ పడ్డారు. లేబుల్ రాసుకున్నవాళ్లకు ఆ బాధ లేదు.

ఇప్పటి పిల్లలకు రూట్ లేబుల్ మార్చమంటే ముందు లైవ్ యూఎస్‌బీ కోసం వెతుకుతారు. ఎందుకయ్యా? ఈఎక్స్‌టీ4 మౌంట్ అయి ఉండగానే ఈటూలేబుల్‌తో మారుతుంది. మేమెప్పుడూ అలాగే మార్చాం. 2022లో వచ్చిన 5.17 నుంచి కెర్నలే స్వయంగా ఆ పని చేసిపెడుతోంది, ఇంకా మంచిది. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు మాత్రం అన్‌మౌంట్ చేయక తప్పేది కాదు, 2018లో 4.18తో ఆ అడ్డూ తొలగింది. ఈఎక్స్‌టీ4 లేబుల్‌కు 16 బైట్లే చోటు. తెలుగులో పెడదామంటే ఒక్కో యూనికోడ్ గుర్తుకు మూడు బైట్లు, అంటే ఐదు గుర్తులతో సరి. ఒత్తులూ గుణింతాలూ ఆ లెక్కలోవే.

నా కోపం మార్చడం మీద కాదు, మార్చాక చేసే నిర్లక్ష్యం మీద. పాత పేరు ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఉంటుంది, గ్రబ్ కెర్నల్‌కిచ్చే రూట్ వరుసలో ఉంటుంది. అవి చూడరు. నడుస్తున్న సర్వర్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి పని అయిందనుకుని లేచిపోతారు. నెలల తర్వాత ఎవరో కెర్నల్ అప్‌డేట్ చేసి రీబూట్ కొడితే, రూట్ దొరక్క ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఎమర్జెన్సీ షెల్‌లో ఆగిపోతుంది. పేరు మార్చినవాడు ఒకడు, అర్ధరాత్రి నిద్రమానుకుని వెతికేవాడు ఇంకొకడు. ఇది అన్యాయం.

మేం లేబుల్ మార్చగానే బీఎల్‌కేఐడీతో సరిచూసుకునేవాళ్లం. ఈటీసీ అంతా పాత పేరు కోసం గ్రెప్ కొట్టేవాళ్లం. ఎఫ్‌ఎస్‌ట్యాబ్, గ్రబ్ రెండూ దిద్ది, ఆ రోజే రీబూట్ చేసి, లాగిన్ ప్రాంప్ట్ కనబడేదాకా కన్సోల్ వదిలేవాళ్లం కాదు. లేబుల్ మార్చిన చేతులే ఆ రీబూట్ కూడా చేయాలని ఇప్పటి టీముల్లో ఎవరూ పట్టుబట్టడం లేదు.