పాత తనిఖీ తొలగింపు: చండ్రుగొండ వ్యాఖ్య

మూలము: పోస్ట్‌గ్రెస్ అను డేటాబేస్ సోర్స్ కోడ్‌లో, వరుస కనబడునా కనబడదా అని తేల్చుచోట నిలిచిన తనిఖీ: ఈ వరుసను 9.0కు ముందటి వ్యాక్యూమ్ ఫుల్ జరిపినదా?

ప్రతిపదార్థము: వరుస = పట్టికలోని ఒక నమోదు; వ్యాక్యూమ్ ఫుల్ = ఖాళీలు ఊడ్చి ఫైలును కుదించు ఆజ్ఞ; జరిపినదా = ఫైలు చివరనుండి ముందరి ఖాళీలోకి తెచ్చినదా; 9.0 = 2010 సెప్టెంబరున వెలువడిన వెర్షన్; తనిఖీ = ఇంకను ఎందుకున్నదో కుర్ర ఇంజినీరుకు బోధపడనిది.

వివరణ: పూర్వము ఈ ఆజ్ఞ వరుసను జరుపుచు పాతచోట ‘వెళ్ళినది’ అనియు, కొత్తచోట ‘వచ్చినది’ అనియు గుర్తులు పెట్టెడిది. నడుమ కరెంటు పోయెనా, ఒకే వరుసకు రెండు ప్రతులు మిగులును. జరిపిన లావాదేవీ పూర్తియైనచో వచ్చినది చెల్లును. కానిచో వెళ్ళినదే చెల్లును. ఈ తగవు తీర్చుటకే తనిఖీ. 9.0 నుండి ఆ ఆజ్ఞ పట్టిక మొత్తమును కొత్త ఫైలులో తిరగరాయుచున్నది. గుర్తు పెట్టువాడే లేడు.

పూర్వపక్షము: పెట్టువాడు లేనప్పుడు చూచువాడేల? పీకివేయుడు.

సమాధానము: ఆగుడు. పీజీ అప్‌గ్రేడ్ అను ఉపకరణము పాత ఫైళ్ళను తిరగరాయదు, ఉన్నవున్నట్లు కొత్త వెర్షన్‌కు అప్పగించును. చండ్రుగొండ మండలమునే చూడుడు. 2016 అక్టోబరు 11న ఖమ్మం జిల్లా విడిచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరినది, దానిలోని అన్నపురెడ్డిపల్లి వేరు మండలమైనది, బోర్డులు మారినవి. ట్రంకుపెట్టెలోని దస్తావేజు మాత్రము ఇప్పటికిని ఖమ్మం జిల్లా అనియే పలుకును. దానిని పట్టుకొచ్చిన పెద్దాయనతో కౌంటరు కుర్రవాడు, "ఖమ్మం జిల్లాలో చండ్రుగొండ మండలమే లేదు తాతా" అనినచో తప్పెవరిది? (వ్యాఖ్యాత చెప్పడు. అదే కౌంటరులో అతనికిని పనియున్నది.)

పదిహేనవ వెర్షన్ నుండి పీజీ అప్‌గ్రేడ్ 9.2 కంటె పాతవానిని స్వీకరింపదు గనుక భయము లేదని కొందరందురు. అది పైచూపు. 8.4లో పుట్టిన వరుస 9.6కు, అటనుండి 13కు, ఆపై 17కు అదే ఫైలులో కూర్చుండియే రావచ్చును.

తాత్పర్యము: గుర్తు పెట్టుట ఆగిన దినము వేరు, గుర్తున్న చివరి వరుస పోయిన దినము వేరు. మొదటిది అందరెరుగుదురు. రెండవది ఎవని సర్వరులో ఎప్పుడో చెప్పగలవాడు లేడు.

విశేషము: డేటాబేస్‌ను డంప్ తీసి మరల ఎక్కించినచో వరుసలన్నియు కొత్తగా పుట్టును, గుర్తుండదు. పెద్ద డేటాబేస్‌కు గంటలు పట్టును. అంత డౌన్‌టైమ్ మంజూరు చేయు మేనేజరు ఏ వెర్షన్‌లోను ఇంకను వెలువడలేదు.