లేస్తే మనిషి కాదు

మా ఇంట్లో కుక్క ఉంది. దొంగలకు అదంటే భయం లేదు. మాకుంది.

మాది గుంటూరు బ్రాడీపేట. ఇక్కడ చిరునామాని భిన్నంలా రాస్తారు: పైన లైను, కింద అడ్డరోడ్డు. ఈ లెక్క తెగక కొరియర్ కుర్రాళ్లు, హాస్టలు వెతుక్కునే పిల్లల తల్లిదండ్రులు, పక్క వీధి డాక్టరుగారి కోసం వచ్చిన పేషెంట్లు రోజంతా మా గేటు తీస్తూనే ఉంటారు. బంటి వాళ్లనెవర్నీ పల్లెత్తు మాట అనదు. తోకూపుతుంది. గ్యాస్ బండ తెచ్చే అబ్బాయికైతే వెల్లకిలా పడుకుని పొట్ట చూపిస్తుంది. అది అరిచేదల్లా ఇంట్లోవాళ్ల మీద, అందులోనూ మా మావయ్యగారి మీద. ఇల్లు ఆయన పేరున ఉంది, కరెంటు బిల్లు ఆయన పేరున వస్తుంది, బంటిని కొన్న డబ్బూ ఆయనదే.

కూర్చున్నంతసేపూ ఏ గొడవా లేదు. ఆయన పడక్కుర్చీలో పేపరు చదువుతుంటే పాదాల మీద గడ్డం ఆనించి నిద్రపోతుంది. ఆయన పేపరు మడిచి, కళ్లజోడు జేబులో పెట్టుకుని, మోకాళ్ల మీద చేతులు ఆన్చి ‘రామా’ అంటారు. కుర్చీ కిర్రుమంటుంది. అంతే, బంటి ఎగిరి రెండడుగులు వెనక్కి పడి, చెవులు తలకు అంటించి, ముందరికాళ్లు నేలకేసి కొడుతూ అందుకుంటుంది. లేస్తే మనిషిని కానని బెదిరించేవాళ్లను చాలామందిని చూశాం గానీ, ఆ మాటను అక్షరాలా నమ్మిన ప్రాణిని ఇక్కడే చూడటం.

మావయ్యగారు మిర్చి యార్డులో, కమీషన్ కొట్లో లెక్కలు రాసి రిటైరైన మనిషి. టిక్కీ బస్తాలోంచి గుప్పెడు కాయలు తీసి చూసి తాలు ఎంతుందో చెప్పేవారని పేరు. అంతటి మనిషికి తన హాల్లో తను లేచి నిలబడే హక్కు లేకపోయింది. “ఉప్పు తిన్న విశ్వాసం ఉండద్దూ అమ్మాయ్?” అంటారు నాతో. అది తినేది ఉప్పు లేని తిండని ఆయనకు గుర్తుచేయడం నాకు ఇష్టం లేకపోయింది.

సలహాలకు కొదవేముంది! పక్క పోర్షన్ పిన్నిగారు దిష్టి అన్నారు. ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసినప్పుడు ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టట. మాకు వచ్చింది. గుంటూరు కాయ కదా, ఎంత దిష్టి ఉన్నా వస్తుంది. మేం దగ్గాం, బంటి తుమ్మింది, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య మావయ్యగారి మీద అరిచింది. మా ఆయన ఫోన్లో ఎవరిదో వీడియో చూసి, ఇంట్లో నాయకుడెవరో కుక్కకు తెలియాలని తీర్మానించి, హాలు మధ్య నిలబడి గర్జించారు. తోడేళ్ల మందలో పెత్తందారు తోడేలు ఉంటుందన్న మాటకు 1970లో తన పుస్తకంతో ప్రచారం తెచ్చిన డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్తే, 1999లో అదంతా కాదు, మందంటే అమ్మా నాన్నా పిల్లలూ ఉన్న సంసారమేనని రాశాడు. ఆ కబురు వీడియోలవాళ్లకు ఇంకా అందినట్టు లేదు. మా ఆయన గర్జన విని బంటి ఎంత సంబరపడిందో చెప్పలేను. అరిచే పనిలో ఇన్నాళ్లకు తోడు దొరికిందనుకుని గొంతు ఇంకాస్త పెంచింది.

లాం ఫారంలో ఒంగోలు జాతి మీద పరిశోధనలు జరిగే ఊరు మాది. గిత్త మనసు గురించైతే టీ కొట్టు దగ్గర కూడా చెబుతారు. కుక్క మనసు తెలిసిన డాక్టరు కోసం మాత్రం కాస్త తిరిగాం. దొరికినాయన ముందు దాని చెవులు, పళ్లు, తుంటి కీళ్లు నొక్కి చూశారు. ఉన్నట్టుండి ఇంట్లోవాళ్ల మీద అరవడం మొదలుపెడితే ఎక్కడో నొప్పి ఉండచ్చట. ముసలి కుక్కలకైతే చూపూ వినికిడీ తగ్గి కూడా కావచ్చట. అవేవీ లేవని తేలాక విచారణ మొదలైంది.

“మీ మావగారు లేచి ఎక్కడికెళ్తారమ్మా?”

“బాత్రూముకండీ.”

“ఇది అరిస్తే ఆగుతారా?”

“ఎలా ఆగుతారండీ, వెళ్లిపోతారు.”

“మరింకేం! ఇది అరిచింది, ఆ ఆకారం పారిపోయింది. పోస్ట్‌మాన్ విషయంలో కుక్కలు నేర్చుకునే పాఠం ఇదే. రోజూ అరుస్తారు, రోజూ అతను వెళ్లిపోతాడు.”

మావయ్యగారికి షుగరు. బంటికి పూటకెన్ని విజయాలో లెక్క వేసుకోండి.

అసలు ఆయన్ని చూస్తే దడుపు ఎందుకన్నదానికీ డాక్టరుగారి దగ్గర జవాబుంది. స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు అమెరికాలో ఏళ్ల తరబడి కుక్కపిల్లల్ని గమనించి 1965లో పుస్తకం వేశారట. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా ఏవేవి చూస్తే అవే లోకం అనుకుంటుంది కుక్క. బంటి మా ఇంటికొచ్చింది మార్చిలో. యార్డుకు సరుకు పోటెత్తే రోజులు. మావయ్యగారు అప్పటికింకా ఉద్యోగంలో ఉన్నారు, తెల్లారకుండా వెళ్లి అది పడుకున్నాక వచ్చేవారు. గేటు తీసిన వాళ్లందరూ దాని లోకంలో చేరిపోయారు, ఇంటి యజమాని చేరలేదు.

దానికి తోడు చూపు. కుక్కకు నీలం, పసుపు తెలుస్తాయి గానీ ఎరుపు ఎరుపులా కనబడదు, మట్టిరంగులా ఉంటుందట. గుంటూరులో పుట్టి మిరపపండు ఎరుపు చూడని జీవి! పైగా మన కంటికి 75 అడుగుల దూరాన ఆనేది దానికి 20 అడుగుల్లోకి వస్తేగానీ ఆనదు. కదలికను పట్టడంలో మాత్రం మనకంటే దిట్ట. అంటే మొహం మసక, కదలిక స్పష్టం. ధనుర్మాసంలో మావయ్యగారు చీకటితోనే గుడికి బయల్దేరతారు, నెత్తిన మంకీ క్యాప్, భుజాన శాలువా, చేతిలో టార్చి. ఆ వేషంలో ఆయన వసారాలోంచి వస్తుంటే నాకే ఒక్కోసారి అరవాలనిపిస్తుంది.

ఇక నా మీద అరవడం వేరే రకం. నేను ఫోన్ పట్టుకోగానే ఎదురుగా కూర్చుని, తల పక్కకు వాల్చి, ఒక్కొక్క భౌ తూకం వేసి వదులుతుంది. అందులో భయం లేదు, దబాయింపు ఉంది. దీనికి మందు పట్టించుకోకపోవడం. పట్టించుకోవడం మానేసిన కొత్తలో గొంతు రెట్టింపవుతుందని, అప్పుడు లొంగితే గట్టిగా అరిస్తే పనవుతుందని నేర్పినట్టేనని డాక్టరుగారు హెచ్చరించారు. కానీ మావయ్యగారి మీద అరిచేది భయంతో గనక అక్కడ ఈ మందు పనికిరాదు. తిట్టినా, కొట్టినా పనికిరాదు. భయం అలాగే ఉండి నోరు మాత్రం మూసుకుంటుంది, ఓ రోజు చెప్పకుండా కరుస్తుంది.

కాబట్టి వైద్యం ఇది: ఆయన లేవబోయే ముందు దాన్ని పేరు పెట్టి పిలవాలి. పిలిచి, కోడిమాంసం ముక్కలు చిన్నవి నాలుగు తనకు దూరంగా నేల మీద చల్లాలి. ముక్కు నేలకానించి వెతుక్కునే కుక్క అరవలేదు. అది వెతుక్కుంటుండగా నిదానంగా, దాని మీదికి వంగకుండా, పక్కగా లేవాలి. కొన్నాళ్లకు ఆ ఆకారం లేస్తే ముక్కలొస్తాయన్న లెక్క కుదురుతుంది. మొదట్లో అరుస్తున్నా ముక్కలు ఆపకూడదు. “అరిచినందుకు బహుమానమా!” అని మావయ్యగారు గింజుకున్నారు. భయానికి బహుమానమిస్తే భయం పెరగదని డాక్టరుగారు నచ్చజెప్పారు.

ముక్కల్లో ఉప్పు, కారం, ఉల్లిపాయ ఉండకూడదు. ఉల్లిపాయ కుక్కల రక్తానికి చేటు. ఈ షరతు విన్నప్పుడు మా అత్తయ్యగారి మొహం చూడాల్సింది. గుంటూరులో కారం వేయకుండా కోడి ఉడికించడమంటే ఆవిడకు పరువు సమస్య. వంటింటి తలుపు దగ్గరకు వేసి ఉడికించారు. అయినా ఆ చప్పిడి వాసన పిన్నిగారి ముక్కుకు తగిలి, ఇంట్లో ఎవరికి పచ్చకామెర్లని అడగడానికి వచ్చారు.

మావయ్యగారు ఇప్పుడు లాల్చీ జేబులో స్టీలు డబ్బీ పెట్టుకు తిరుగుతున్నారు. తెచ్చినప్పట్నుంచీ ‘కుక్క’ అనేవారు, ‘బంటీ’ అంటున్నారు. అదీ ‘రామా’ అన్న మాట వినగానే ఆయన చేతికేసి చూస్తోంది. మంకీ క్యాప్ దగ్గర మాత్రం ఇంకా రాజీ కుదరలేదు. క్యాప్‌ని ముందు నేల మీద పెట్టి బంటిని వాసన చూడనిచ్చి, దాని ఎదురుగానే తలకు తగిలించుకోవాలన్నారు డాక్టరుగారు. రోజూ కళ్లజోడు తీసి, అలా తగిలించుకుని, మళ్లీ తీసి, ఎండాకాలంలో చెమటలు కక్కుతూ సాధన చేస్తున్నారు.

మొన్న సాయంత్రం నేను కూరలు తరుగుతున్నాను. హాల్లోంచి ఆయన గొంతు మెత్తగా వినిపించింది. “బంటీ, లేస్తున్నానురా నాన్నా. ఇదిగో, మెల్లిగా లేస్తున్నా. బాత్రూముకెళ్లి వచ్చేస్తా.”

అత్తయ్యగారు చిక్కుడుకాయ ఈనె తీస్తూ ఆగిపోయారు. “విన్నావుటే? పెళ్లయినప్పట్నుంచీ ఈ మనిషి ఎక్కడికి వెళుతున్నదీ నాకొక్కసారి చెప్పి లేవలేదు. నేనూ అరవాల్సిందేమో!”