గాలి నిలవని బెంజమిన్

సాహిత్యం చదువుకున్నవాళ్ళకి వాల్టర్ బెంజమిన్ అంటే జర్మన్ తత్త్వవేత్త. కళాఖండాన్ని యంత్రాలు వేలకు వేలు అచ్చొత్తితే దాని తేజస్సు ఏమైపోతుందని 1930లలో దిగులుపడినాయన. పాత ఎయిర్‌గన్నులు ముందేసుకుని శనివారాలు తగలేసే మాబోటి వాళ్ళకి అదే పేరుతో ఇంకొకాయన ఉన్నాడు. 1900 ప్రాంతంలో గాలితో పేలే తుపాకీకి పేటెంటు తీసుకుని, సెయింట్ లూయిస్‌లో తన పేరిట ఒక కంపెనీ నిలబడటానికి కారణమైనాయన. కవిత్వం రాసే మా మిత్రుడికి ఒకసారి "బెంజమిన్‌తో ఇదే గొడవ, గాలి నిలవట్లేదు" అని వాట్సాప్ చేశాను. "పదేళ్ళుగా నేను మొత్తుకుంటున్నదీ అదే" అని జవాబొచ్చింది.

మేం కాపురముండేది ఆ సెయింట్ లూయిస్ శివార్లలోనే. ఇక్కడ ఎండలు మొదలైతే చాలు, శనివారం పొద్దున్నే జనం గరాజు తలుపులెత్తి పాతసామాను వాకిట్లో పరుస్తారు. అలాంటి చోట మా ఆవిడ పూలకుండీలు చూస్తుంది, నేను తుప్పు చూస్తాను. అలా దొరికిందే ఈ బెంజమిన్ 312. చిన్నప్పుడు వాళ్ళ నాన్న కొనిపెట్టాడట, అమ్మిన పెద్దాయన చెప్పాడు. "పేలదు" అని కూడా ముందే చెప్పి ఇరవై డాలర్లు పుచ్చుకున్నాడు. పేలని తుపాకీకి ఇరవై డాలర్లా అని ఆవిడ, పేలేదయితే ఇంట్లోకి రానిస్తావా అని నేను. ఇల్లు చేరేదాకా కారులో ఇదే.

మన తిరనాళ్ళలో బుడగలు పేల్చే తుపాకీ అందరం ఎరుగుదుం. గొట్టాన్ని మధ్యకి వంచితే లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే ఆ స్ప్రింగు పిస్టన్‌ని తోస్తుంది, పిస్టన్ గాలిని, గాలి గుండుని. బెంజమిన్‌ది ఆ సంప్రదాయం కాదు. గుండు పోయే గొట్టం కింద ఇంకో ఇత్తడి గొట్టం, దాని కింద చెక్క పిడి. పిడిని ముందుకి విప్పి మళ్ళీ మూస్తే ఒక పంపు. మూడు కొడితే ఇంట్లో గురి చూసుకోవడానికి చాలు, ఎనిమిది కొడితే పెరట్లో చివరి డబ్బాదాకా పోతుంది. బలముంది కదా అని ఇంకా కొట్టుకుంటూ పోతే లోపలి ఒత్తిడికి వాల్వు బిగుసుకుపోతుంది, సుత్తి తట్టినా తెరుచుకోదు. ఎక్కువ తినిపిస్తే పనిచెయ్యడం మానేసే వస్తువు అన్నమాట. ఈ ఒక్క విషయంలో దానికీ నాకూ మొదటినుంచీ పడింది.

మాకు దొరికినదానికి మాత్రం ఎన్ని పంపులు కొట్టినా ఒకటే. పిడి తేలిగ్గా ఊగుతుంది, ఎక్కడో నిట్టూర్చినట్టు చప్పుడొస్తుంది, అంతే.

సరిగ్గా అప్పుడే తెనాలి నుంచి మా అత్తగారూ మామగారూ ఆరు నెలలకని దిగారు. అత్తగారికి మనవలున్నారు, వంటిల్లుంది. మామగారికి ఏముంది? పేపరు లేదు, సెంటరు లేదు, టీ కొట్టు లేదు. పొద్దున వాకింగుకి వెళ్ళి ఇరుగుపొరుగు కోసిన గడ్డి చూసి రావడం, సాయంత్రం వాళ్ళు కొయ్యని గడ్డి చూసి రావడం. ఒకరోజు గరాజులోకి వచ్చి నిలబడ్డారు.

"ఏంటల్లుడుగారూ, అది?"

"ఎయిర్‌గన్, మామయ్యగారూ. పంపు కొడితే గాలి నిలవట్లేదు. వీడియోలు చూస్తున్నాను."

ఆయన పిడి ఒకసారి విప్పి మూశారు. తల పక్కకి వంచి ఇంకోసారి. "దీనికి వీడియోలెందుకండీ? పంపు స్టవ్వే కదా ఇది!"

గ్యాసు కనెక్షను రాకముందు ఇరవై ఏళ్ళపాటు వాళ్ళ వంటిల్లు నడిచింది కిరసనాయిలు పంపు స్టవ్వు మీద. దాని మూలపురుషుడు 1892లో స్వీడన్‌లో పుట్టిన ప్రైమస్ స్టవ్వు. అందులోనూ ఇత్తడి గొట్టం, అందులోనూ కడ్డీ, కడ్డీ చివర తోలు వాచరు, గాలిని వెనక్కి రానివ్వని వాల్వు. వాచరు ఎండితే పంపు వదులవుతుంది. అప్పుడు కడ్డీ లాగి, తోలు అంచుల్ని గోటితో కాస్త విప్పార్చి, కొబ్బరినూనె చుక్క వేసి మళ్ళీ దింపాలి. ఇదంతా పొద్దున్నే, పాలవాడు వచ్చేలోపల, నిద్రకళ్ళతో చేసిన చేతులవి.

మామగారి మాట అక్షరాలా నిజం. ఈ తుపాకీ పరాక్రమమంతా బొటనవేలి గోరంత తోలు కప్పులో ఉంది. పిడి మూసినప్పుడు ఆ కప్పు అంచులు గొట్టం గోడకి ఆనుకుంటేనే గాలి ముందుకి పోతుంది. ముందున్న చెక్ వాల్వు ఆ గాలిని లోపలికి రానిచ్చి తలుపేస్తుంది. అవతలి పక్క ఇంకో వాల్వు కాపలా. ట్రిగ్గర్ నొక్కగానే సుత్తి వచ్చి దాన్ని తడితే క్షణంలో గాలి, గుండు బయట. ప్రతి తుపాకీలో ఒక స్టవ్వు, ప్రతి స్టవ్వులో ఒక తుపాకీ ఉన్నాయని మామగారు అత్తగారికి వివరిస్తుంటే విన్నాను. "మీరు మాట్లాడకండి, ఆ స్టవ్వు ఒకసారి నా కనుబొమ్మలు కాల్చింది" అందావిడ.

చీల తీసి కడ్డీ లాగితే వాచరు వచ్చింది. నల్లగా, గట్టిగా ఉంది. అంచు వేలితో నొక్కితే పుటుక్కున విరిగింది. ఇలాంటి పాత తుపాకులకి కొత్త వాచర్లూ సీళ్ళూ తయారుచేసి పోస్టులో పంపేవాళ్ళు అమెరికాలో ఉన్నారు. అవి వచ్చేదాకా ఆగుదామన్నాను. మామగారు నవ్వారు. మర్నాడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వాచరు తయారు. తోలు బిళ్ళ గుండ్రంగా కోసి, వేడినీళ్ళలో నానేసి, నా సాకెట్ సెట్టులోని ఒక సాకెట్‌లో బోల్టుతో అదిమి, కప్పు ఆకారం వచ్చేదాకా బిగించి ఉంచారట. పాత రోజుల్లో ఎక్కడైనా చేసే పద్ధతి అదే. తోలెక్కడిదని అడిగాను. "బీరువాలో మీ పాత బెల్టు ఒకటి ఉంటేనూ" అన్నారు. ఆ బెల్టు నేను పెద్ద మీటింగులకి మాత్రమే కట్టుకునేది. ఇప్పుడూ కట్టుకుంటాను, రెండు రంధ్రాలు లోపలికి.

నూనె దగ్గర మాత్రం ఇద్దరికీ పేచీ వచ్చింది. ఆయన కొబ్బరినూనె అంటారు. వంటనూనెలు లోపల జిగురు కట్టొచ్చు. మామూలు పెట్రోలియం నూనె ఎక్కువైతే గాలి నొక్కుడికి పుట్టే వేడికే అంటుకోవచ్చు, డీజిల్ ఇంజన్ నడిచేది ఆ వేడిమీదే. తోలుకి శ్రేష్ఠమైనది నీట్స్‌ఫుట్ ఆయిల్ అని ఇక్కడి వాళ్ళంటారు. పశువుల కాళ్ళ ఎముకల నుంచి తీస్తారు. ఆ సీసా మీద రాసింది అత్తగారికి ఎవరైనా చదివి వినిపిస్తే ఆవిడ తిరుగు టిక్కెట్టు ముందుకి జరిపిస్తుంది. అందుకని గరాజులో, పెయింటు డబ్బాల వెనక పెట్టాను. రాత్రంతా వాచరు అందులో నానింది.

దింపడం ఇంకో విద్య. పిడి కదలడానికని గొట్టానికి కింద పొడుగ్గా ఒక చీలిక కోసి ఉంటుంది. దాని అంచులు బ్లేడులా ఉంటాయి. వాచరుని నేరుగా తోస్తే అక్కడ తోలు తెగుతుంది. మామగారు మొద్దుబారిన స్క్రూడ్రైవరుతో అంచుని లోపలికి మడుస్తూ, కడ్డీని కొద్దికొద్దిగా తిప్పుతూ, ఊపిరి బిగబట్టి దించారు. పంపు కొట్టాం. మూడోదానికి పిడి బరువెక్కింది! ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అంతలో పిడి దానంతట అదే, పెళ్ళివారి మర్యాదతో, నెమ్మదిగా తెరుచుకుంది.

అది చెక్ వాల్వు రోగం. లోపలి గాలి వెనక్కి వచ్చి కడ్డీని తోస్తే పిడి అలాగే తెరుచుకుంటుంది. రెండో వాల్వు పాడైతే గాలి గుండు గొట్టంలోంచి పోతుంది, గుండు పెట్టని తుపాకీ మూతికి సబ్బునురగ పూస్తే బుడగ ఊదుతుంది. మాది మొదటిది. వాల్వు విప్పడానికి పొడుగాటి పళ్ళ స్పానరు కావాలి, ఏ హార్డ్‌వేర్ షాపులోనూ ఉండదు. పైపు ముక్క తెచ్చి అంచుని ఆకురాయితో అరగదీసి పళ్ళు చేశాం. చేశాం అంటే, ఆయన చేశారు, నేను టార్చి పట్టుకున్నాను. దాంతో వాల్వు విప్పి బాగుచేశాక గాలి నిలిచింది.

ఈ సంబరంలో ఉండగా ఒక పొద్దున తుపాకీ వంటింటి సింకులో కనిపించింది. పాత బెంజమిన్లకి ఇత్తడి మీద నికెల్, దాని మీద నలుపు పూత. వాడగా వాడగా నలుపు పోయి, నికెలూ పోయి, ఇత్తడి బయటపడుతుంది. పాతసామాను సేకరించేవాళ్ళు దాన్ని ముట్టుకోనివ్వరు, ఆ మరకలే వయసుకి సాక్ష్యం అంటారు. అత్తగారికి ఇత్తడి కనపడింది. ఇత్తడి మురిగ్గా కనపడింది. చింతపండు ఉండనే ఉంది. "ఇంట్లో ఇత్తడి వస్తువు ఇలా ఉంచుకుంటే ఎవరైనా ఏమనుకుంటారు?" అని తళతళలాడే భాగం చూపించింది. తోమితే ధర సగానికి పడిపోతుందని చెప్పాను. ఇరవైలో సగం పది, ఆ పది నేనిస్తాలే అంది.

పిల్లల ఆటవస్తువు కోసం ఇంత హైరానా ఏమిటని ఎవరైనా అంటే నేను గిరార్డోనీ కథ చెబుతాను. 1804లో లూయిస్, క్లార్క్ అనే అన్వేషకులు ఈ సెయింట్ లూయిస్ పరిసరాల నుంచే బయల్దేరి పసిఫిక్ మహాసముద్రం దాకా వెళ్ళారు. వాళ్ళ వెంట ఒక గాలి తుపాకీ ఉంది, ఆస్ట్రియా సైన్యం వాడిన గిరార్డోనీ రకమని చాలామంది నమ్మకం. వెనక దిమ్మే గాలి టాంకు, అది నిండాలంటే సుమారు 1500 సార్లు పంపు కొట్టాలి. దానికీ తోలు సీళ్ళే. ఎండితే గాలి పోయేది. ప్రయాణానికి ముందటేడు, 1803లో, పిట్స్‌బర్గ్ దగ్గర లూయిస్ దాన్ని సరదాగా ఒకాయన చేతిలో పెడితే గుండు నలభై గజాల దూరాన ఉన్న ఒకావిడ టోపీలోంచి కణత గీరుకుంటూ పోయింది. ఆవిడ బతికింది. ఈ కథ విన్నప్పటినుంచీ మా ఇంట్లో తుపాకీ పట్టుకున్నవాడి ముందు ఎవరూ నిలబడరు, వెనకే నిలబడి సలహాలిస్తారు.

మా ఊళ్ళో ఆరుబయట కాల్చడానికి నిబంధనలున్నాయి కాబట్టి బేస్‌మెంటులో పెట్టాం. చెక్కపెట్టెలో ఎలక్ట్రీషియన్లు వాడే మెత్తటి పుట్టీ దట్టంగా కూరితే సీసం గుళ్ళు అందులోనే దిగబడిపోతాయి. అందరికీ కళ్ళద్దాలు, తరవాత సబ్బుతో చేతులు. శుక్రవారం సెలవు, అది అత్తగారి ఉత్తర్వు. ఒక్కో గుండుకి మళ్ళీ మొదటినుంచీ పంపు కొట్టాలి, పది గుళ్ళు కాల్చేసరికి భుజాలు పడిపోతాయి. "కోపమొస్తే ముందు ఎనిమిదిసార్లు పంపు కొట్టాలి. ఇలాంటి తుపాకీ ఇంట్లో ఉన్నా ఫరవాలేదు" అని మా ఆవిడ అనుమతి మంజూరు చేసింది. ఒక్క ఫిర్యాదు మాత్రం మిగిలింది. దీన్ని ఖాళీగా పడుకోబెట్టకూడదు, వాల్వులు కుదురుగా ఉండటానికి ఎప్పుడూ ఒకటి రెండు పంపుల గాలి లోపల ఉంచాలి. "దానికి రాత్రిళ్ళు గుర్తుపెట్టుకుని గాలి పోస్తారు, నా కారు టైర్లకి మాత్రం లైటు వెలిగేదాకా చూస్తారు."

వెళ్ళేముందు మామగారు దాన్ని తెనాలి పట్టుకెళ్తే ఎలా ఉంటుందని అడిగారు. డాబా మీద అప్పడాలు, వడియాలు కోతులు బతకనివ్వడం లేదట. ఇది .22, మన దేశంలో .177 దాటితే లైసెన్సు కావాలి, కస్టమ్స్‌వాళ్ళకి పంపు స్టవ్వు అని చెప్పలేం కదా అన్నాను. ఆయన కాస్త ఆలోచించి, "చెబితే తప్పేముంది?" అన్నారు.

ఊరెళ్ళిన వారానికి ఫోను. అటక మీద వెతికితే పాత స్టవ్వు దొరికిందట. ట్యాంకు బాగుంది, పిన్ను బాగుంది, పంపే వదులు. అమెరికా నుంచి ఏం పంపమంటారంటే ఎప్పుడూ ఏమీ వద్దనే మనిషి కొలతలతో సహా వాట్సాప్ పెట్టారు: తోలు వాచర్లు రెండు, ఆ పెయింటు డబ్బాల వెనక సీసా ఒకటి. అత్తగారికి తెలియకుండా పంపాలట. నా దగ్గర ఆ బెల్టు ఇంకా ఉంది. నన్ను అడక్కుండా కోసేవాళ్ళెవరూ ఇప్పుడిక్కడ లేరు కాబట్టి నేనే కోసి పంపాను.