లేని వస్తువుకు చెత్త ఎక్కడిది?

సూరత్‌లో వృథా అన్నది ఉండదు. చీరలు కత్తిరించగా రాలిన చిందీ కిలోల లెక్కన అమ్ముడుపోతుంది. నూలు అయిపోయిన అట్టగొట్టాలకూ కొనేవాడున్నాడు. మురుగునీళ్లను శుద్ధి చేసి పాండేసరా మిల్లులకు అమ్ముకునే కార్పొరేషన్ ఇక్కడిది. 2023 సెప్టెంబరులో వరాఛాలో ఎవరో వజ్రాల పొట్లం పారేసుకున్నారని పుకారు పుడితే జనం నడిరోడ్డు మీద వంగి దుమ్మంతా జల్లెడ పట్టేశారు. దొరికినవి అమెరికన్ డైమండ్లని తర్వాత తేలింది, అది వేరే సంగతి. ఆ ఏడాది స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోర్‌తో కలిసి సూరత్ మొదటి స్థానం కొట్టిందంటే వింతేముంది? ఏరుకునేవాళ్లు ఇంతమంది ఉంటే ఊడ్చేవాడికి మిగిలేదెంత!

ఇంత పొదుపరి ఊళ్లో ఎవరూ కొనని, ఎవరూ ఏరుకోని వస్తువొకటి బయల్దేరింది. గోడాదరాలో ఏ పాన్ గల్లా వెనక్కో తొంగిచూడండి. మావా చుట్టి పారేసిన ప్లాస్టిక్ కాగితాల మధ్య గులాబీ రంగులోనో నీలం రంగులోనో మెరుస్తూ కనిపిస్తే అదే. డిస్పోజబుల్ వేప్, అంటే వాడి పారేసే ఎలక్ట్రానిక్ సిగరెట్. పీల్చినంతకాలం పీల్చి, రుచి మాడగానే విసిరేసేది.

దాని ఉపయోగాలు కాదనలేం. అగ్గిపెట్టె అక్కర్లేదు. నోరు కంపు కొట్టదు, కొడితే పుచ్చకాయ వాసన కొడుతుంది. బీడీ ముట్టించాలంటే మగ్గాల షెడ్డు దాటి బయటికి పోవాలి, సేఠ్ కంట పడాలి; దీన్ని జేబులోంచి తీసి మళ్లీ జేబులో పెట్టేలోపు మగ్గం ఆగదు. ఇంట్లో బల్ల మీద వదిలేసినా పెన్‌డ్రైవ్ అనుకుంటారు. 2003లో చైనాలో హోన్ లిక్ అనే ఫార్మసిస్టు ఎలక్ట్రానిక్ సిగరెట్‌కు రూపం ఇచ్చింది, మామూలు సిగరెట్ మానిపించడానికే. ఆ మందు ఎంత బాగా పనిచేసిందంటే, సిగరెట్ ఎన్నడూ ముట్టని పిల్లలు కూడా ముందుజాగ్రత్తగా మానడం మొదలుపెట్టారు.

ఇక విప్పి చూస్తే కళ్లు చెదురుతాయి. లిథియం బ్యాటరీ, తీగచుట్ట, ఊపిరి పీల్చగానే పసిగట్టే సెన్సరు, బుల్లి దీపం, కొన్నింట్లో చిప్ కూడా. ద్రవాన్ని పట్టి ఉంచడానికి కాస్త పత్తి ఉంటుంది (పాలియెస్టర్ మహానగరంలో అసలు పత్తి చూడాలనుకునేవాళ్లు గమనించగలరు). ఈ బ్యాటరీలను బ్రిటన్ శాస్త్రవేత్తలు 2023లో పరీక్షిస్తే 450 సార్లకు పైగా ఛార్జింగ్ తట్టుకున్నాయి. మనం వాడేది ఒక్కసారి. పారేసిన వేప్‌లోని చిప్ మీద ఈమధ్య ఒక పెద్దమనిషి ఏకంగా వెబ్‌సైట్ నడిపి చూపించాడు. మనవాళ్లు మాత్రం దాన్ని చప్పరించి మోరీలో వేస్తున్నారు.

అంత విలువైనదాన్ని పాతసామాన్లు కొనే భంగారోడు ఎందుకు ముట్టడు? ఎందుకంటే చట్టప్రకారం అది దేశంలో లేదు. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్స్, డిసెంబరులో చట్టం. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటన అన్నీ నేరాలే. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లక్ష వరకు జరిమానా. నిల్వ ఉంచితే ఆరు నెలలు. ఆ జాబితాలో లేనిది పీల్చడం ఒక్కటే. అంటే ఎవరూ తయారుచేయకుండా, తేకుండా, అమ్మకుండా అది దానంతటదే మన పెదవుల మధ్యకు వచ్చిందంటే పీల్చుకోవడానికి అభ్యంతరం లేదు. గుజరాత్‌కు ఇలాంటి మహిమలు కొత్త కాదు. 1960 నుంచి ఇక్కడ మద్యం లేదు, 2012 నుంచి గుట్కా లేదు. నిషేధమంటే సరుకు దొరకదని కాదు, బిల్లు ఇవ్వరని.

మహిమ అప్పుడప్పుడు దారి తప్పి అధికారుల ఒళ్లో పడుతుంది. 2022 సెప్టెంబరులో ముంద్రా రేవులో డీఆర్‌ఐ వాళ్లు రెండు లక్షలకు పైగా ఈ-సిగరెట్లు పట్టుకుని 48 కోట్లని లెక్క కట్టారు. ఒక్కోటి సుమారు 2,400 రూపాయలన్నమాట. లేని వస్తువుకు ఆ మాత్రం ధర పలకొద్దూ!

ఉన్నదని ఒప్పుకున్న దేశాలు బాగుపడ్డాయా అంటే, అదీ లేదు. సిగరెట్ వదిలితే వేప్ కిట్ ఉచితమని 2023 ఏప్రిల్‌లో బ్రిటన్ పది లక్షల మందికి ఆశపెట్టింది. అదే ఏడాది అక్కడ వారానికి 50 లక్షల డిస్పోజబుల్స్ చెత్తలో పడుతున్నాయని తేలింది. 2025 జూన్ 1 నుంచి వాటిని నిషేధించారు. కంపెనీలు వెంటనే అడుగున ఒక ఛార్జింగ్ రంధ్రం పొడిచి, అదే సరుకును మళ్లీ వాడేదిగా అమ్ముతున్నాయి. లోకానికంతా వీటిని వండి వడ్డించే చైనా అయితే 2022 అక్టోబరు నుంచి పండ్ల రుచులను తన ఇంట్లో నిషేధించింది. ఎగుమతికి మాత్రం వంట యథాప్రకారం.

మన గోడాదరాకు వద్దాం. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి మగ్గాల మీద జీవితం అరగదీసిన ఒక తాత, పండక్కి ఇల్లు దులుపుతూ మనవడి మంచం కింద డబ్బా బయటికి లాగాడు.

"ఇవేందిరా? గిన్ని రంగులున్నయ్."

"హైలైటర్లు తాతా. సదువుకునేటప్పుడు గీతలు గీసేటియి."

"మామిడిపండు వాసనొస్తున్నయేందిరా?"

"ఇప్పటి పెన్నులు గట్లనే ఉంటయ్."

తాత మాయమాటలకు లొంగే మనిషి కాదు. ఊళ్లో ఆయన ఇల్లాలు ఏళ్ల తరబడి బీడీలు చుట్టింది. ఊపిరితిత్తుల మీద బీడీకేం దయ లేదని ఆయనకూ తెలుసు, దగ్గుతూనే ఉంటాడు. కానీ కాల్చి పడేస్తే తునికాకు ముక్క, ఇంత దారం, అంతే. వీటిని ఏం చేయాలి? భంగార్ బండిని పిలిచాడు. భంగారోడు డబ్బాలోకి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. బండిలో వేస్తే నలిగి అంటుకుంటుంది, పోలీసు ఆపితే ఇవి ఖాళీవని నమ్మేదెవరు, నాకొద్దని చక్కా పోయాడు.

మనవడు ఫోన్ తీశాడు. బ్యాటరీ చెత్తకు 2022 నుంచీ ఎలక్ట్రానిక్ చెత్తకు 2023 ఏప్రిల్ నుంచీ మన దేశంలో చక్కటి నిబంధనలున్నాయి. రెండింటి సారం ఒకటే: తయారుచేసి అమ్మినవాడే వెనక్కి తీసుకునే బాధ్యత మోయాలి.

"తాతా, ఉత్పత్తిదారే వాపస్ తీస్కోవాల్నట. కానీ మన దేశంల దీనికి ఉత్పత్తిదారే లేడట. ఎవరి పేరు రాయాలె?"

"మీ అయ్య పేరు రాయ్. పైసలు పెట్టింది ఆయనే గదా."